ఫుట్సల్ ప్రపంచ కప్పు: చిన్న జాగల పెద్ద ఆట

 

పోయిన సంచికలో ఎనిమిదవ తరగతి వాళ్ళు కబడ్డీ గురించి చక్కగా రాశారు. ఈ సంచికలో నేను ఫుట్సల్ అనే ఆట గురించి, ఆ ఆటలో దేశాల మధ్య జరిగే ప్రపంచ కప్పు గురించి పాఠం రాస్తున్నాను. ఇది చదివినంక చివర ఉన్న ప్రశ్నలకు జవాబులు రాయండి. చివర ఒక విన్నపం కూడా ఉన్నది. అది చదవకుండ పోకండి.

ఫుట్సల్ అంటే ఏమిటి?

ఫుట్సల్ అంటే హాలులో ఆడే ఫుట్‌బాల్. స్పానిష్ భాషలో "సాల" అంటే హాలు, పెద్ద గది. "ఫుట్" అనే ముక్క, "సాల" అనే ముక్క కలిపి ఫుట్సల్ అయింది. మన పాఠశాలలో "శాల" ఉన్నది కదా, ఆ మాట లాగనే వినబడుతది. అట్ల గుర్తు పెట్టుకుంటే మరిచిపోము.

ఈ ఆటలో ఒక జట్టుకు ఐదుగురే. నలుగురు ఆడుతారు, ఒకరు గోలు కాస్తారు. కింద గడ్డి ఉండదు. నున్నటి గట్టి నేల ఉంటది. చెక్క నేల కావచ్చు, ఇంకో రకం నేల కావచ్చు. చుట్టూ గోడలు ఉండవు, గీతలే ఉంటాయి. బంతి గీత దాటితే బయటికి పోయినట్టే.

ఈ ఆట ఎట్ల పుట్టింది?

దక్షిణ అమెరికా ఖండంలో ఉరుగ్వే అనే చిన్న దేశం ఉన్నది. దాని రాజధాని మాంటెవిడియో. 1930లో మొట్టమొదటి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు అక్కడనే జరిగింది. ఫైనల్లో ఉరుగ్వే 4-2 తేడాతో అర్జెంటీనాను ఓడించింది. ఇగ చూడండి, ఆ దేశంలో ప్రతి పిల్లగానికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకున్నది. కాని అందరికీ పెద్ద గ్రౌండ్లు ఎక్కడివి? వాన పడితే బయట ఆడరాదు.

ఆ ఊరిలో వై.ఎం.సి.ఎ. అనే సంస్థ ఉండేది. అందులో హువాన్ కార్లోస్ సెరియానీ అనే ఉపాధ్యాయుడు పని చేసేవారు. ఆయన బాస్కెట్ బాల్ కోర్టు చూశారు. ఈ జాగలనే ఫుట్‌బాల్ ఆడిస్తే ఏమైతది అని ఆలోచించారు. కొత్త ఆటకు నియమాలు కావాలి కదా. ఆయన అన్నీ కొత్తగా పుట్టించలేదు. నాలుగు ఆటల దగ్గర నాలుగు సంగతులు తీసుకున్నారు.

1. ఫుట్‌బాల్ నుండి: బంతిని కాలితో తన్నుడు.
2. బాస్కెట్ బాల్ నుండి: జట్టుకు ఐదుగురు, 40 నిమిషాల ఆట.
3. హ్యాండ్ బాల్ నుండి: గోలు కొలత, కోర్టు కొలత.
4. వాటర్ పోలో నుండి: గోలు కాసే వారి నియమాలు. వాటర్ పోలో అంటే నీళ్ళలో ఈదుకుంటూ ఆడే బంతి ఆట.

మన అవ్వలు గట్కలోకి ఇంట్ల ఏమి ఉంటే దానితోనే కూర చేస్తరు. ఈ సారు కూడ ఉన్నవాటితోనే కొత్త ఆట చేసిండ్రు. అది ఉరుగ్వే నుండి బ్రెజిల్ కు పోయింది, తరువాత ప్రపంచమంతా పోయింది.

జాగ లెక్క

ఇది లెక్కల పాఠం కూడా. పెన్సిలు తీయండి.

పెద్ద ఫుట్‌బాల్ గ్రౌండు సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. వైశాల్యం = 105 × 68 = 7,140 చదరపు మీటర్లు.

ఫుట్సల్ కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు అనుకోండి. వైశాల్యం = 40 × 20 = 800 చదరపు మీటర్లు.

అంటే ఒక ఫుట్‌బాల్ గ్రౌండులో దాదాపు తొమ్మిది ఫుట్సల్ కోర్టులు పడుతాయి.

ఇప్పుడు మనుషుల లెక్క. ఫుట్‌బాల్ లో 22 మంది. 7,140 ÷ 22 = సుమారు 325 చదరపు మీటర్లు ఒక్కొక్కరికి. ఫుట్సల్ లో 10 మంది. 800 ÷ 10 = 80 చదరపు మీటర్లు ఒక్కొక్కరికి. నాలుగవ వంతు జాగ మాత్రమే!

జాగ తక్కువైతే ఏమైతది? ఎదుటివాళ్ళు ఎప్పుడూ మన దగ్గరనే ఉంటరు. బంతి వచ్చినంక ఆలోచిస్తమంటే కుదరదు. రాకముందే ఎవరికి ఇయ్యాలో చూసుకోవాలె. బంతి కూడా మాటిమాటికి మన కాళ్ళ దగ్గరికి వస్తది. పెద్ద గ్రౌండులో అయితే ఒక మూలకు నిలబడ్డ పిల్లకు బంతి ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది. ఇక్కడ ఎవరూ ఊరకనే నిలబడరు. అందుకే బ్రెజిల్ దేశపు రొనాల్డీనో, నేమార్ వంటి పెద్ద ఫుట్‌బాల్ ఆటగాళ్ళు చిన్నప్పుడు ఫుట్సల్ ఆడి కాళ్ళ పని నేర్చుకున్నారు.

ముఖ్యమైన నియమాలు

సమయం: 20 నిమిషాలు ఒక సగం, 20 నిమిషాలు ఇంకో సగం. కాని బంతి బయటికి పోయినప్పుడు గడియారం ఆపుతారు. మళ్ళీ ఆట మొదలైనంకనే గడియారం నడుస్తది. కాబట్టి టైము వృథా చేద్దామని కింద పడి దొర్లినా లాభం లేదు. ఒక్కో సగంలో ఒక్కో జట్టు ఒక నిమిషం విరామం అడగవచ్చు.

నాలుగు సెకండ్లు: బంతి పక్క గీత దాటితే చేతితో విసరరు. గీత మీద పెట్టి కాలితో తన్నుతారు. దానికి నాలుగు సెకండ్లే టైము. రెఫరీ చెయ్యి పైకెత్తి వేళ్ళతో లెక్క చూపిస్తారు. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. మన గోండిలో లెక్క పెట్టుకోండి, అంతే టైము. దాటిందా, బంతి ఎదుటి జట్టుకు పోతది. గోలు కాసే వారు కూడా తమ సగం కోర్టులో బంతిని నాలుగు సెకండ్ల కంటే ఎక్కువ దగ్గర ఉంచుకోరాదు.

మార్పులు: ఆట ఆపకుండానే ఒకరు బయటికి వచ్చి ఇంకొకరు లోపలికి పోవచ్చు. ఎన్నిసార్లైనా పోవచ్చు. ఇందుకని జట్టులో ఐదుగురు ఆడినా, తొమ్మిది మంది దాకా పక్కన తయారుగా కూర్చుంటారు.

తప్పుల లెక్క: ఈ నియమం నాకు చాలా నచ్చింది. నెట్టుడు, కాలు అడ్డం పెట్టుడు వంటి తప్పులు ఒక జట్టు చేస్తే వాటిని కలిపి లెక్క రాస్తారు. ఒక సగంలో ఐదు తప్పుల వరకు మాములే. ఎదుటి జట్టు ఫ్రీ కిక్ కొడుతుంటే అడ్డం నిలబడి గోడ కట్టవచ్చు. ఆరవ తప్పు నుండి గోడ కట్టనియ్యరు. గోలుకు 10 మీటర్ల దూరం నుండి కొట్టనిస్తారు. ముందట గోలు కాసే మనిషి ఒక్కరే ఉంటారు. ఆరవ తప్పు ఎవరు చేసినా శిక్ష జట్టుకంతా పడుతది. కాబట్టి ఒక్కరి కోపం అందరికీ నష్టం.

ఎర్ర కార్డు: ఎర్ర కార్డు చూపిస్తే ఆ మనిషి మళ్ళీ రాకూడదు. జట్టు రెండు నిమిషాలు తక్కువ మందితో ఆడాలి. ఆ తరువాత వేరే వారు లోపలికి రావచ్చు. ఈలోగా ఎదుటి జట్టు గోలు కొడితే ముందే రావచ్చు.

ఆఫ్ సైడ్ లేదు: ఫుట్‌బాల్ లో అందరికీ తలనొప్పి తెచ్చే ఆఫ్ సైడ్ నియమం ఇందులో లేనే లేదు.

గోలు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. పెనాల్టీని 6 మీటర్ల దూరం నుండి కొడతారు.

బంతి మీద ప్రయోగం

ఫుట్సల్ బంతి వేరు. పెద్ద ఫుట్‌బాల్ కంటే కొంచెం చిన్నది. చుట్టుకొలత 62 నుండి 64 సెంటీమీటర్లు. బరువు 400 నుండి 440 గ్రాములు. అన్నిటికంటే పెద్ద తేడా ఎగురుడు. ఈ బంతిని 2 మీటర్ల ఎత్తు నుండి వదిలితే మొదటిసారి 50 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎగరకూడదు, 65 సెంటీమీటర్ల కంటే ఎక్కువ ఎగరకూడదు. అంటే వదిలిన ఎత్తులో నాలుగవ వంతు నుండి మూడవ వంతు లోపలనే.

నేనూ నా దోస్తూ మన బడి ఫుట్‌బాల్ తో ఈ ప్రయోగం చేసినం. గోడ మీద సుద్దతో 2 మీటర్ల గీత గీసి, స్టూలు ఎక్కి బంతి వదిలినం. సిమెంటు మీద పడి నా నడుము దాటి ఎగిరింది. ఫుట్సల్ బంతి అయితే మోకాలు దాటి కొంచెం పైకి వచ్చి ఆగుతది. గట్టి నేల మీద చిన్న జాగల మామూలు బంతితో ఆడితే అది ఎగిరి పత్తి చేన్ల పడుతది. తక్కువ ఎగిరే బంతి అయితే నేల మీదనే ఉంటది, కాలి మాట వింటది.

ప్రపంచ కప్పు చరిత్ర

1982 నుండే ఈ ఆటకు ప్రపంచ పోటీలు వేరే సంస్థ పెట్టింది. మొదటిది బ్రెజిల్ దేశంలో సావో పాలోలో జరిగింది, బ్రెజిల్ గెలిచింది. తరువాత ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా 1989లో తన ఫుట్సల్ ప్రపంచ కప్పు మొదలుపెట్టింది. ఇది పురుషుల జాతీయ జట్ల పోటీ. 2024 వరకు పది సార్లు జరిగింది. ఈ పట్టిక నోటు పుస్తకంలో రాసుకోండి.

1989 – నెదర్లాండ్స్ లో – బ్రెజిల్ 2-1 తేడాతో నెదర్లాండ్స్ పై గెలుపు
1992 – హాంకాంగ్ లో – బ్రెజిల్ 4-1 తేడాతో అమెరికాపై
1996 – స్పెయిన్ లో – బ్రెజిల్ 6-4 తేడాతో స్పెయిన్ పై
2000 – గ్వాటెమాలలో – స్పెయిన్ 4-3 తేడాతో బ్రెజిల్ పై
2004 – తైవాన్ లో – స్పెయిన్ 2-1 తేడాతో ఇటలీపై
2008 – బ్రెజిల్ లో – బ్రెజిల్, స్పెయిన్ 2-2 సమానం, పెనాల్టీలలో బ్రెజిల్ 4-3
2012 – థాయిలాండ్ లో – బ్రెజిల్ 3-2 తేడాతో స్పెయిన్ పై, అదనపు సమయంలో
2016 – కొలంబియాలో – అర్జెంటీనా 5-4 తేడాతో రష్యాపై
2021 – లిథువేనియాలో – పోర్చుగల్ 2-1 తేడాతో అర్జెంటీనాపై
2024 – ఉజ్బెకిస్తాన్ లో – బ్రెజిల్ 2-1 తేడాతో అర్జెంటీనాపై

లెక్క చూడండి. బ్రెజిల్ 6 సార్లు, స్పెయిన్ 2 సార్లు, అర్జెంటీనా 1, పోర్చుగల్ 1. మొత్తం 10. నాలుగు సంవత్సరాలకు ఒకసారి జరిగే పోటీ 2020లో జరగాలి. కరోనా వల్ల 2021లో జరిగింది. అప్పుడు మన బడులు కూడా మూసేశారు కదా.

పట్టికలో ఒక సంగతి గమనించారా? 2000 నుండి జరిగిన ఏ ఫైనల్లోనూ తేడా ఒక్క గోలు దాటలేదు. అంటే చివరి నిమిషం దాకా ఎవరు గెలుస్తారో చెప్పలేము.

ఓడిపోతున్న జట్టు చివరి నిమిషాలలో ఒక ఎత్తు వేస్తుంది. గోలు కాసే మనిషిని బయటికి పిలిచి, ఆ చొక్కా వేసుకున్న ఇంకో ఆటగాడిని పంపుతుంది. ఇప్పుడు ఐదుగురూ ఎదుటి వైపు పోయి దాడి చేస్తారు. కాని బంతి పోయిందా, వెనక గోలు ఖాళీగా ఉంటది! ఇల్లు తలుపు తెరిచి పెట్టి వేటకు పోయినట్టు. అయినా ధైర్యం చేస్తారు.

పోటీ ఎట్ల జరుగుతది?

మొదట 16 జట్లు ఆడేవి. 2008లో 20 అయినాయి. 2012 నుండి 24 జట్లు. 2024లో ఉజ్బెకిస్తాన్ లో తాష్కెంట్, బుఖారా, అందిజాన్ నగరాలలో ఆటలు జరిగాయి. సెప్టెంబరు 14న మొదలై అక్టోబరు 6న ముగిశాయి. ఫైనల్ తాష్కెంట్ లో. ఈ తాష్కెంట్ పేరు మనం సోషల్ పాఠంలో చదివినం. 1966లో మన ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు అక్కడనే చనిపోయారు.

24 జట్లను నాలుగేసి చొప్పున 6 గుంపులు చేస్తారు. ఒక గుంపులో ప్రతి జట్టు మిగిలిన మూడింటితో ఆడుతుంది. నాలుగు జట్లకు 6 ఆటలు. 6 గుంపులకు 6 × 6 = 36 ఆటలు. ప్రతి గుంపులో మొదటి రెండు జట్లు ముందుకు పోతాయి. అవి 12. మూడవ స్థానం వచ్చిన వాటిలో మంచివి 4. మొత్తం 16. ఇక్కడి నుండి ఓడితే ఇంటికే. 8 ఆటలు, తరువాత 4, తరువాత 2, మూడవ స్థానానికి 1, ఫైనల్ 1. మొత్తం 16 ఆటలు. 36 + 16 = 52 ఆటలు.

మూడు నిజమైన కథలు

మొదటి కథ: 31 గోల్లు తిన్న జట్టు

పసిఫిక్ మహాసముద్రంలో సాలమన్ దీవులు అనే చిన్న దేశం ఉన్నది. అక్కడ దాదాపు 70 భాషలు మాట్లాడే జనం ఉన్నారు. వాళ్ళ ఫుట్సల్ జట్టుకు కురుకురు అని ముద్దు పేరు. అది ఒక పావురం జాతి పిట్ట పేరు. 2008లో ఈ జట్టు మొదటిసారి ప్రపంచ కప్పుకు పోయింది. రష్యాతో ఆడింది. ఎంత తేడాతో ఓడిందో తెలుసా? 31-2. నలభై నిమిషాలలో ముప్పై ఒక్క గోల్లు.

మనమైతే ఏమి చేస్తుము? మా వల్ల కాదని ఇంటికి పోయి బంతి దాచిపెడుదుము. వాళ్ళు అట్ల చేయలేదు. 2012లో థాయిలాండ్ కు మళ్ళీ వచ్చారు. అక్కడ గ్వాటెమాల జట్టును 4-3 తేడాతో ఓడించారు. ప్రపంచ కప్పులో అది వాళ్ళ మొదటి గెలుపు. తరువాత 2016లో, 2021లో కూడా వచ్చారు. మన తరగతిలో లెక్కల పరీక్షలో తక్కువ మార్కులు వస్తే బడి మానేస్తమనే వాళ్ళు ఉన్నారు. వాళ్ళందరూ ఈ కథ రెండుసార్లు చదవాలె.

రెండవ కథ: ఓడినవాడిని ఎత్తుకున్నారు

బ్రెజిల్ కు ఫాల్కావ్ అనే ఆటగాడు ఉండేవాడు. 2000 నుండి 2016 వరకు ఐదు ప్రపంచ కప్పులు ఆడాడు. మొత్తం 48 గోల్లు కొట్టాడు. 2008లో, 2012లో కప్పు గెలిచాడు. 2012 ఫైనల్లో బ్రెజిల్ వెనకబడి ఉన్నప్పుడు గోలు కొట్టి సమానం చేసింది అతడే.

2016లో కొలంబియాలో బ్రెజిల్ కు ఇరాన్ ఎదురు వచ్చింది. ఫాల్కావ్ మూడు గోల్లు కొట్టాడు. అయినా ఆట 4-4 అయింది. పెనాల్టీలలో ఇరాన్ గెలిచింది. అదే ఫాల్కావ్ కు చివరి ప్రపంచ కప్పు. అప్పుడు ఇరాన్ ఆటగాళ్ళు తమ గెలుపు పక్కకు పెట్టి, ఫాల్కావ్ దగ్గరికి వచ్చి, అతడిని చేతుల మీద ఎత్తి పైకి ఎగరేశారు. తాము ఓడించిన మనిషికి అంత మర్యాద చేశారు. ఆ సంవత్సరం ఇరాన్ మూడవ స్థానం పొందింది.

మూడవ కథ: కొత్తగా వచ్చినవాళ్ళు

2024లో ఆఫ్ఘనిస్తాన్ మొదటిసారి ప్రపంచ కప్పుకు వచ్చింది. ఎన్నో ఏండ్లు యుద్ధం చూసిన దేశం. మొదటిసారే చివరి 16 జట్లలోకి చేరింది. అక్కడ పరాగ్వే చేతిలో ఓడిపోయింది. అదే సంవత్సరం ఫ్రాన్స్ కూడా మొదటిసారి వచ్చి నాలుగవ స్థానం పొందింది. మొదటిసారి వచ్చినవాళ్ళు వెనక బెంచీలోనే కూర్చోవాలని ఎక్కడా రాసి లేదు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. అందుకే ఈ సంగతి నాకు బాగా గుర్తుంటది.

ఇంకొక చిన్న సంగతి. పోర్చుగల్ ఆటగాడు రికార్డీనో చిన్నప్పుడు పొట్టిగా ఉన్నాడని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు వద్దన్నది. అతడు ఫుట్సల్ కు వచ్చి ఆరుసార్లు ప్రపంచంలో మేటి ఆటగాడనిపించుకున్నాడు. 2021లో కప్పు గెలిచిన పోర్చుగల్ జట్టుకు నాయకుడు అతడే.

ఆడపిల్లల సంగతి

పైన రాసిందంతా మగవాళ్ళ పోటీ. ఆడవాళ్ళకు ఫిఫా ఫుట్సల్ ప్రపంచ కప్పు ఎప్పుడు మొదలైంది? 2025లో. ఫిలిప్పీన్స్ దేశంలో జరిగింది. 16 జట్లు ఆడాయి. బ్రెజిల్ గెలిచింది.

తీసివేత చేయండి. 2025 – 1989 = 36. మగవాళ్ళ కప్పు వచ్చినంక ఆడవాళ్ళ కప్పు రావడానికి 36 ఏండ్లు పట్టింది. ఈ 36 ఏండ్లు ఆడవాళ్ళు ఆడలేదా? ఆడినరు. 2010లోనే స్పెయిన్ లో దేశాల జట్లు కలిసి పోటీ పెట్టుకున్నాయి. దానికి ఫిఫా పేరు లేదు, అంతే. ఆట వచ్చిన వాళ్ళు ఉన్నారు, కాళ్ళు ఉన్నాయి, బంతి ఉన్నది. కప్పు లేదు. నేను మా అవ్వకు ఈ సంగతి చెప్పితే, "గా దేశాలల్ల సుత గిట్లనేనా?" అన్నది.

మన దేశం సంగతి

2024 వరకు జరిగిన పది ప్రపంచ కప్పులలో భారతదేశం ఒక్కసారి కూడా ఆడలేదు. మన దేశంలో జాతీయ స్థాయిలో ఫుట్సల్ క్లబ్బుల పోటీ 2021లో ఢిల్లీలో మొదలైంది. మన పురుషుల జాతీయ జట్టు 2023లో మొదటిసారి వేరే దేశాలతో ఆడింది. అంటే మన దేశం ఈ ఆటలో ఒకటవ తరగతిలో ఉన్నది. హైదరాబాదులో గంటకు ఇంత అని కిరాయి కట్టి ఐదుగురు ఐదుగురు ఆడే చిన్న గ్రౌండ్లు చాలా ఉన్నాయట. అక్కడ ఉండేది ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ వల. అది ఫుట్సల్ కు చుట్టమే కాని అసలు ఫుట్సల్ కాదు. అసలు ఫుట్సల్ కు గడ్డి అక్కర లేదు. గట్టి నేల చాలు.

అందరూ ఇప్పుడే మొదలుపెడుతున్నారు కాబట్టి, మనం ఇప్పుడు మొదలుపెట్టినా ఆలస్యం కాదు.

విన్నపం

ఇప్పుడు అసలు మాటకు వస్తున్న.

మన బడి పెద్ద గ్రౌండులో సాయంత్రం అన్నలు, తమ్ముండ్లు వాలీబాల్, క్రికెట్ ఆడుతరు. ఆడపిల్లలు గట్టు మీద కూర్చుని చూస్తరు, లేకుంటే బట్టలు పిండుకుంటరు. ఆడుతమంటే జాగ లేదు అంటరు. "మీకు తొక్కుడుబిళ్ళ చాలు కదా" అని కూడా ఒకరు అన్నరు. తొక్కుడుబిళ్ళ మంచి ఆటనే. కాని చాలు అని చెప్పవలసింది ఆడేవాళ్ళు.

మన ప్రార్థన చేసే సిమెంటు జాగను లెక్కల టీచర్ దగ్గర టేపు అడిగి కొలిచినం. పొడవు 27 మీటర్లు. వెడల్పు 16 మీటర్ల 40 సెంటీమీటర్లు. దేశాల మధ్య ఆటకు కోర్టు 38 నుండి 42 మీటర్ల పొడవు, 20 నుండి 25 మీటర్ల వెడల్పు ఉండాలి. దానికి మన జాగ సరిపోదు. కాని మామూలు ఆటలకు నియమం వేరే ఉన్నది. కనీసం 25 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ఉంటే చాలు.

25 × 16 = 400 చదరపు మీటర్లు. 27 లో 25 పోతుంది. 16.40 లో 16 పోతుంది. మన ప్రార్థన జాగ సరిగ్గా సరిపోతది! పొడవు దిక్కు రెండు వైపులా ఒక్కో మీటరు, వెడల్పు దిక్కు ఒక్కో జానెడు మిగులుతది. దాని అవతల మెత్తటి మట్టి ఉన్నది, గీత దాటి పడ్డా దెబ్బ తగలదు.

ఖర్చు లెక్క కూడా రాసిన. గీతలకు సున్నం, అది వంటశాల గోడకు తెచ్చింది ఇంకా మిగిలి ఉన్నది. గోల్లకు వెదురు బొంగులు, అవి మా నాయినలు తెస్తమన్నరు. రెండు గోల్లకు 3 మీటర్లవి 2, 2 మీటర్లవి 4 కావాలి. గడియారం ఆపడానికి ఒకరు, తప్పులు బోర్డు మీద రాయడానికి ఒకరు. కొనవలసింది తక్కువ ఎగిరే బంతి ఒక్కటే.

గౌరవనీయులైన హెడ్మాస్టర్ గారికి, పి.ఇ.టి. సారుకు, మా మేడములకు ఆడపిల్లలందరి తరఫున విన్నపం. ప్రతి శనివారం సాయంత్రం నాలుగున్నర నుండి ఐదున్నర వరకు ప్రార్థన జాగ మాకు ఇప్పించగలరు. ఐదుగురు ఐదుగురు చొప్పున మార్చుకుంటూ ఆడుతం. మార్పులకు లెక్క లేదు కాబట్టి ఆరవ తరగతి చెల్లెండ్లు కూడా ఆడవచ్చు. ఆట అయినంక చీపురు పట్టి ఊడ్చి పోతం. అన్నలు వస్తమన్నా రావచ్చు. కాని తప్పుల బోర్డు మా దగ్గరనే ఉంటది.

ప్రశ్నలు

1. ఫుట్సల్ కు నాలుగు ఆటల నుండి ఏమేమి తీసుకున్నారు?
2. ఒక జట్టు మొదటి సగంలో 4 తప్పులు చేసింది. ఇంకా ఎన్నవ తప్పు నుండి గోడ కట్టనియ్యరు?
3. 2 మీటర్ల నుండి వదిలిన బంతి 80 సెంటీమీటర్లు ఎగిరింది. అది ఫుట్సల్ కు పనికి వస్తుందా? ఎందుకు?
4. 24 జట్ల పోటీలో 52 ఆటలు ఎట్ల అవుతాయో లెక్క చేసి చూపండి. 16 జట్లను నాలుగు గుంపులు చేసి, గుంపులో రెండేసి జట్లు ముందుకు పోతే ఎన్ని ఆటలు అవుతాయి?
5. సాలమన్ దీవుల జట్టు 2008 తరువాత ఆట మానేసి ఉంటే 2012లో ఏమి జరిగేది కాదు?
6. ప్రార్థన జాగలో గీసే కోర్టు, 40 × 20 మీటర్ల కోర్టులో ఎన్నవ వంతు?

జవాబులు కాగితం మీద రాసి గోడ పత్రిక కింద ఉన్న అట్ట డబ్బాలో వేయండి. సరైన జవాబులు రాసిన మొదటి పది మంది పేర్లు వచ్చే సంచికలో రాస్తాము. ఆ పది మందే మొదటి రెండు జట్లు.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని